మెడ మీద మూడు వేళ్ళు

గదిలో లైట్లు ఆర్పారు. నీలి దీపం వెలిగింది.

"చేతులు," అన్నాడు శిక్షణ ఇస్తున్న డాక్టరు.

కోడలు రెండు చేతులూ చాపింది. అరచేతులు, వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్లు, అన్నీ శుభ్రం.

"ముఖం."

శుభ్రం. కోడలికి కాస్త ఊపిరి ఆడింది.

"బట్టలు. ముందువైపు."

శుభ్రం. కోడలి పెదాల మీదికి నవ్వు రాబోయింది.

"వెనక్కి తిరగండి."

తిరిగింది. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో"లో జాలి కంటే సరదాయే ఎక్కువుంది.

"మెడ మీద," అన్నాడు డాక్టరు నిట్టూరుస్తూ. "సరిగ్గా పోయినసారి మెరిసిన చోటే. అదెలాగమ్మా?"

అదెలాగో కోడలికి తెలిస్తే రెండుసార్లు ఎందుకు తప్పుతుంది?

ఆస్పత్రిలో అంటువ్యాధుల వాళ్ళ కోసం కొత్త వార్డు తెరుస్తున్నారు. అందులో పనిచేసే నర్సులకు రోగం అంటకుండా తల నుంచి కాలి దాకా కవచం ఉంటుంది. గౌను, గ్లౌజులు, మాస్కు, ముఖానికి షీల్డు, తలకు టోపీ. వాటిని వేసుకోవడం ఎవరైనా వేసుకుంటారు. విప్పడంలోనే ఉంది చిక్కంతా. వార్డులోంచి బయటికొచ్చేసరికి రోగమంతా ఆ కవచం పైనే అంటుకుని ఉంటుంది. విప్పేటప్పుడు చెయ్యి ఎక్కడ తగిలితే రోగం అక్కడికి పాకుతుంది.

రోగం కంటికి కనబడదు కాబట్టి డాక్టరు దాని బదులు ఒక పొడి తెచ్చాడు. మామూలు వెలుతురులో ఆ పొడీ కనబడదు. నీలి దీపం కింద మాత్రం మెరిసిపోతుంది. నర్సు కవచం తొడుక్కున్నాక దాని మీద ఆ పొడి పూస్తారు. అంతా విప్పేసి చేతులు కడుక్కున్నాక నీలి దీపం కింద నిలబెడతారు. ఒంటి మీద ఎక్కడ మెరిస్తే అక్కడ రోగం అంటినట్టే.

కొత్త వార్డుకు ఇంక ఒక్క నర్సే కావాలి. కోడలికి ఆ చోటు కావాలి. ఆమె పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంజెక్షన్ల గదిలోనే పనిచేస్తోంది. వచ్చిన వాళ్ళంతా అటు తిరిగి పడుకుంటారు, చురుక్కుమనగానే "అబ్బా" అంటారు, లేచి వెళ్ళిపోతారు. వాళ్ళ ముఖాలు ఆమెకు తెలియవు, ఆమె ముఖం వాళ్ళకు తెలియదు. ఒకసారి బజార్లో ఒకాయన నమస్కారం పెడితే, ఆయన వెనక్కి తిరిగి నడిచేదాకా ఎవరో పోల్చుకోలేకపోయింది. ఒక రోగి పక్కన కూర్చుని, జ్వరం ఎక్కడం చూసి, దిగడం చూసి, ఆ మనిషి లేచి ఇంటికి వెళ్ళే రోజు కూడా తానే చూడాలని ఆమె ఆశ. కొత్త వార్డులో అయితే ఆ ఆశ తీరుతుంది.

"రేపు ఆఖరిసారి," అన్నాడు డాక్టరు లైట్లు వేస్తూ. "రేపూ మెరిస్తే నేనేం చెయ్యలేను. ఆ చోటు పహిల్వాన్‌కి వెళ్తుంది. మీరు ఇంజెక్షన్ల గదిలోనే."

పహిల్వాన్ అంటే మగ నర్సు. గౌను అతని వీపు మీద ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు. మొన్న మొదటిసారికే నీలి దీపం కింద తారులా నల్లగా నిలబడి నెగ్గాడు. అయినా కోడలి పేరు ముందుంది కాబట్టి ఆమె తప్పితేనే అతనికి అవకాశం.

"మిణుగురూ, బాధపడకు," అన్నాడు తలుపు దగ్గర. "కరెంటు పోయినప్పుడు నువ్వే మాకు దిక్కు."

గదంతా గొల్లుమంది. ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో ఆమెను కోడలు అనే పిలిచేవాళ్ళు. ఆ బిరుదు ఆమె కష్టపడి సంపాదించింది కాదు, పెళ్ళితో పాటు వచ్చింది. ఇప్పుడు దాని మీద మిణుగురు కూడా వచ్చి వాలింది.

నవ్వని మనిషి ఆ గదిలో ఒక్కరే. హెడ్ నర్సు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. వెనకాల అందరూ సైరన్ అంటారు, ఎదురుగా మేడం అంటారు. కవచం విప్పేటప్పుడు పక్కన నిలబడి, వరుస తప్పకుండా ఒక్కొక్కటీ చెప్పి చేయించే బాధ్యత ఆవిడదే. పొడి పూసేదీ ఆవిడే. ఎవరి చెయ్యి తప్పుగా కదిలినా "ఆగండి!" అని అరుస్తుంది. ఆ మాట వినబడగానే ఎవరైనా సరే ఉన్న చోట ఉన్నట్టు కొయ్యబారిపోవాలి. ఆ గదిలో అదే చట్టం. తప్పు ఎవరు చూసినా అరవొచ్చు, ఎవరి మీదైనా అరవొచ్చు అని ఆవిడే అందరికీ నేర్పింది. ఇప్పటిదాకా ఆవిడ తప్ప ఇంకెవరూ అరిచిన పాపాన పోలేదు.

ఆవిడే అత్తగారు.

"సిస్టర్," అంది కోడలితో, ఆస్పత్రి గొంతుతో. "మీరు విప్పడం నేను కళ్ళార్పకుండా చూశాను. ఎక్కడా తప్పు లేదు. ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ అంతు చిక్కడం లేదు."

సాయంత్రం ఇంట్లో పరిశోధన మొదలైంది.

కోడలి భర్త ఫోన్లు బాగుచేస్తాడు. పగిలిన అద్దం మార్చినప్పుడు కింద జిగురు గట్టిపడడానికి అతని కొట్లోనూ ఒక చిన్న నీలి దీపం ఉంది. దాన్ని ఇంటికి తెచ్చాడు. ఇంట్లో సాధన చేసుకోవడానికి డాక్టరు ఇచ్చిన పొడి పొట్లం ఉండనే ఉంది. గౌనుకు బదులు వానకోటు. రోగికి బదులు మామగారు.

"నేనేం చెయ్యాలమ్మాయ్?" అన్నాడు మామగారు మంచం మీద పడుకుని.

"ఊరికే పడుకోండి మామయ్యా."

"ఊరికే పడుకుంటే రోగి ఎలా అవుతాను? అమ్మా... అబ్బా... ఇక నేను బతకను..."

"అంత వద్దు నాన్నా, పక్కింటి వాళ్ళు వచ్చేస్తారు," అన్నాడు కొడుకు, భార్య వానకోటు మీద పొడి పూస్తూ. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మా, నువ్వొచ్చి చెప్పొచ్చుగా!" అన్నాడు.

"రాను," అంది అత్తగారు లోపలి నుంచే. "రేపు ఇది నెగ్గితే అత్తగారు ఇంట్లో నేర్పి పంపిందంటారు. ఓడిపోతే అత్తగారు కావాలని చెడగొట్టిందంటారు. మీ పాట్లు మీరు పడండి."

కోడలు మామగారి నాడి చూసింది, దిండు సర్దింది, మూలుగులు ఓపిగ్గా విన్నది. తర్వాత గది బయటికొచ్చి విప్పడం మొదలుపెట్టింది. ముందు గ్లౌజులు, ఒకదానితో ఇంకొకటి లాగి, రెండోదాని లోపలికి వేలు దూర్చి తిరగేసి. తర్వాత వానకోటు, పైభాగం లోపలికి వెళ్ళేలా ఒంటికి దూరంగా చుట్టుకుంటూ. తల వంచి, కళ్ళు మూసుకుని, వెనక పట్టీ పట్టుకుని షీల్డు. టోపీ. ఆఖరున మాస్కు, ముందు భాగం ముట్టుకోకుండా, కింది పట్టీ, పైపట్టీ. మధ్య మధ్యలో చేతులకు క్రిములు చంపే మందు. చివర్లో సబ్బు, నీళ్ళు.

లైట్లు ఆర్పి భర్త నీలి దీపం వేశాడు. చేతులు శుభ్రం. ముఖం శుభ్రం. మెడ?

"శుభ్రం," అన్నాడు. "ఒక్క చుక్క లేదు."

"సరిగ్గా చూడండి."

"చూశాను. నాన్న ముక్కు మాత్రం మెరుస్తోంది."

"గోక్కున్నానురా," అన్నాడు మామగారు. "రోగికి దురద పుట్టకూడదా?"

కోడలు మంచం అంచున కూర్చుంది. ఇంట్లో లేనిది ఆస్పత్రిలో ఎందుకొస్తోంది? చెయ్యి అదే, వరుస అదే. పొద్దున తోటి నర్సు ఆటపట్టించడానికి తీసి పంపిన ఫోటో ఫోన్లో ఉంది. నీలి చీకట్లో ఆమె మెడ, దాని మీద మెరుపు. భర్త ఆ ఫోన్ తీసుకుని, కంటికి కొట్లో వాడే భూతద్దం తగిలించుకున్నాడు. ఫోటోని పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

"ఇవి మరకలు కావు," అన్నాడు మెల్లగా. "వేళ్ళు."

"ఏంటీ?"

"మూడు వేళ్ళు. చూడు, పక్కపక్కనే మూడు గీతలు. ఎడమ వైపు మొదలై, జుట్టులోకి పైకి పోయాయి. నీ చేత్తో నువ్వు అలా గీసుకోగలవేమో చూపించు."

ఆమె ప్రయత్నించింది. చెయ్యి మెలితిరిగింది గానీ గీతలు అలా రాలేదు.

"అయితే ఇది నీ తప్పు కాదు. ఎవరో వెనక నుంచి నీ మెడ మీద చెయ్యి వేశారు. రెండుసార్లూ." భర్త గొంతులో అపరాధ పరిశోధకుడు నిద్రలేచాడు. "నువ్వు ఓడిపోతే ఎవరికి లాభం?"

"పహిల్వాన్‌కి."

"అతను నీ దగ్గరికొచ్చాడా?"

"గౌను వెనక ముడి వేసింది అతనే. కానీ అప్పటికింకా పొడి పూయలేదు. పూశాక నేల మీది పసుపు గీత దాటి నా దగ్గరికి ఎవరూ రారు. నేనూ..."

ఆగిపోయింది.

"నువ్వూ?"

"నేనూ, పొడి పూసిన మనిషీ."

ఇద్దరూ ఒకేసారి వంటింటి వైపు చూశారు. అక్కడ గిన్నెలు చప్పుడవుతున్నాయి.

భర్త కంటి మీది భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఈ కేసు నుంచి నేను తప్పుకుంటున్నాను," అన్నాడు.

"ఏమండీ!"

"నేను ఈ ఇంట్లోనే అన్నం తినాలి."

కోడలికి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. కొత్త వార్డు మాట ఎత్తిన రోజున అత్తగారు అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. "ఆ వార్డు నీకెందుకమ్మాయ్? హాయిగా ఇంజెక్షన్లు ఇచ్చుకో." అప్పుడు మామూలుగానే వినబడింది. ఇప్పుడు వేరేగా వినబడుతోంది. కళ్ళార్పకుండా చూశానని చెప్పిన మనిషి, తప్పేమీ లేదని నలుగురి ముందూ చెప్పిన మనిషి, ఆ మనిషేనా? ఛ, అనుకుంది. మరుక్షణం, మరి ఎవరు, అనుకుంది. అడిగేద్దామా? ఆస్పత్రికి సైరన్, ఇంటికి పెద్ద దిక్కు. ఆవిడ్ని పట్టుకుని "అత్తయ్యా, నా మెడ మీద చెయ్యి వేసింది మీరేనా?" అంటే, నిజమైతే ఒక గొడవ, అబద్ధమైతే వంద గొడవలు.

అడగలేదు. కళ్ళు తెరిచి ఉంచుకుందామని నిర్ణయించుకుంది.

మర్నాడు విప్పే గది నిండిపోయింది. మిణుగురు మూడోసారి మెరుస్తుందా లేదా అని పందేలు కూడా కాసినట్టున్నారు. గది మధ్యలో పసుపు గీత. గీతకు అవతల మురికి వైపు, అక్కడ విప్పాలి. ఇవతల శుభ్రం వైపు, అక్కడ చేతులు కడుక్కునే సింకు. సింకు పక్కనే అత్తగారి చోటు. తలుపు దగ్గర నీలి దీపంతో డాక్టరు, అతని వెనక జనం.

కోడలు కవచం తొడుక్కుంది. గౌను వెనక ముడి వెయ్యడానికి పహిల్వాన్ వచ్చాడు.

"మీ చేతులు చూపించండి," అంది కోడలు.

"నా చేతులా?"

"రెండూ. అటూ ఇటూ."

పహిల్వాన్ బడిపిల్లాడిలా చేతులు చాచాడు. "గోళ్ళు కూడా చూస్తావా? పొద్దున్నే కత్తిరించుకున్నాను."

శుభ్రంగానే ఉన్నాయి. అతను ముడి వేసి పక్కకు పోయాడు. ఇప్పుడు అత్తగారు గ్లౌజులు తొడుక్కుని, పొడి డబ్బా తెరిచి, కోడలి గౌను మీద, చేతుల మీద, షీల్డు మీద పూసింది. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. పూసి వెళ్ళి తన చోట నిలబడింది.

"మొదలుపెట్టండి సిస్టర్. గ్లౌజులు."

కోడలు మొదలుపెట్టింది. వరుస ఎక్కడా తప్పలేదు. ఒక కన్ను పని మీద, ఒక కన్ను అత్తగారి మీద.

"చేతులకు మందు. ఇప్పుడు గౌను. మెల్లిగా. ఒంటికి దూరంగా."

గౌను చుట్టుకుపోయి డబ్బాలో పడింది. అత్తగారు కదలలేదు.

"మందు. ఇప్పుడు షీల్డు. తల వంచండి, కళ్ళు మూసుకోండి."

ఇదే సమయం, అనుకుంది కోడలు. కళ్ళు మూసుకుంటే ఏం జరిగినా కనబడదు. చెవులు రిక్కించింది. అడుగుల చప్పుడు లేదు. బట్టల చప్పుడు లేదు. కళ్ళు తెరిచేసరికి అత్తగారు ఉన్న చోటే ఉంది. టోపీ తీసింది. జుట్టు పాయ ఒకటి జారి మెడ మీద పడింది. మాస్కు తీసింది. ఏమీ జరగలేదు. ఎవరూ దగ్గరికి రాలేదు.

కోడలికి లోపల్లోపల సిగ్గేసింది. పాపం, ఆవిణ్ణి ఎంత మాట అనుకుంది!

"మందు. ఇప్పుడు గీత దాటి ఇటు రండి. చేతులు కడుక్కోండి."

అయిపోయింది. ఇంక మిగిలింది నీళ్ళే. కోడలు గీత దాటి సింకు మీదికి వంగింది. కొళాయి తిప్పింది. సబ్బు రుద్దుకుంటూ తల ఎత్తకుండానే ఎదురుగా చూసింది. గోడకున్న కాగితపు తువ్వాళ్ళ డబ్బా స్టీలుది, తళతళలాడుతోంది. అందులో వంకరటింకరగా తన తల కనబడింది. తల పక్కన ఇంకొకటి కనబడింది.

చెయ్యి. గ్లౌజు తొడిగిన చెయ్యి. మూడు వేళ్ళు ముందుకు చాపి, తన మెడ వైపు మెల్లిగా వస్తోంది.

"ఆగండి!"

ఆ అరుపు ఎవరిదో మొదట కోడలికే తెలియలేదు. గదంతా కొయ్యబారింది. డాక్టరు దీపం పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. ఆవలిస్తున్న పహిల్వాన్ నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. చెవిలో హోరుగా కొళాయి నీళ్ళ చప్పుడొక్కటే.

కోడలు తల తిప్పింది. అత్తగారు కూడా ఆగిపోయింది, తాను నేర్పిన చట్టం ప్రకారమే, చెయ్యి గాల్లో ఉన్నది ఉన్నట్టు. కోడలి మెడకు జానెడు దూరంలో. ఆ ముఖంలో దొరికిపోయిన దొంగ లేడు. నిద్రలో నడుస్తూ వీధిలోకి వచ్చి మేలుకున్న మనిషి ఉంది. ఆవిడ తన చెయ్యి వైపే వింతగా చూసుకుంటోంది, అదెవరిదో అన్నట్టు.

"నేనేం చేస్తున్నాను?" అంది.

అప్పుడు అర్థమైంది కోడలికి. ఇంట్లో తాను గిన్నెలు కడుగుతూ వంగినా, పుస్తకం చదువుతూ వంగినా, వెనక నుంచి వెళ్తూ వెళ్తూ ఆవిడ జారిన జుట్టు పాయను మూడు వేళ్ళతో పైకి దోపి పోతుంది. మాట్లాడదు, ఆగదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ జరిగేదే. రోజూ జరిగేది కాబట్టి ఒంటికి తెలియడం కూడా మానేసింది. ఆవిడకీ తెలియదు. ఇక్కడ సింకు మీదికి వంగగానే ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. పొడి పూసిన గ్లౌజుతో.

"ఏమైంది?" డాక్టరు ముందుకొచ్చాడు. "ఎవరు అరిచారు?"

కోడలు డాక్టరు వైపూ, ఆ గ్లౌజు వైపూ చూసింది. నిజం చెబితే ఇంతమంది ముందు ఆవిడ పరువు ఏం కాను? చెప్పకపోతే తన చోటు ఏం కాను?

"అదేం లేదు డాక్టరుగారూ," అంది తడబడుతూ. "మేడం నన్ను పరీక్షించడానికి... నేనే ముందుగా అడిగాను... చూస్తానో లేదో అని..."

"అబద్ధం," అంది అత్తగారు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. "సిస్టర్ నన్నేమీ అడగలేదు. పూసిన గ్లౌజు తియ్యకుండా శుభ్రం వైపు నిలబడ్డాను. అది తొడుక్కుంటే నా చెయ్యి శుభ్రంగా ఉన్నట్టే అనిపించింది. నా చేతికి శుభ్రమే, ఎదుటివాళ్ళకే మురికి. ఈ ముక్క మీ అందరికీ చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. పోయిన రెండుసార్లూ ఆమె మెడ మీద మెరిసింది నా వేళ్ళే. ఆమె ఎప్పుడూ తప్పు చెయ్యలేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. పహిల్వాన్ ఇప్పుడు నోరు మూశాడు.

"చెయ్యి దించొచ్చా సిస్టర్?" అంది అత్తగారు. "లాగేస్తోంది."

"ఆ... దించండి అత్త... మేడం. దేనికీ తగలకుండా."

డాక్టరు లైట్లు ఆర్పాడు. చేతులు శుభ్రం. ముఖం శుభ్రం. కోడలు వెనక్కి తిరిగి, జుట్టు పైకెత్తి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

డాక్టరు దీపాన్ని ఆమె మెడ దగ్గరికి తెచ్చి అటూ ఇటూ తిప్పాడు.

"చెప్పండి డాక్టరుగారూ, ప్రాణం పోతోంది!"

"ఏం చెప్పమంటారు? ఇక్కడ చీకటిగా ఉంది, నాకేం కనబడటం లేదు," అన్నాడు డాక్టరు. "నెగ్గారు!"

గది మారుమోగింది. పందెం ఓడినవాడు ఎవడో ఉసూరుమన్నాడు. అందరికంటే గట్టిగా ఈల వేసింది పహిల్వాన్. "నాకెందుకు ఈల?" అని తర్వాత తనే ఆశ్చర్యపోయాడట.

లైట్లు వెలిగేసరికి అత్తగారు పసుపు గీతకు అవతల, మురికి వైపు వెళ్ళి నిలబడి ఉంది.

"మేడం, మీరు అక్కడెందుకు?" అన్నాడు డాక్టరు.

"చేసిన తప్పు చేసినట్టే. నేను మొదటి నుంచీ నేర్చుకోవాలి. నాకూ గౌను ఇవ్వండి, పొడి పూయండి. ఇవతల నిలబడి చెప్పడమే తప్ప, నేను విప్పి ఎన్నాళ్ళయిందో." కోడలి వైపు చూసింది. "వరుస ఎవరు చెబుతారు? నెగ్గిన వాళ్ళెవరైనా చెప్పొచ్చు."

ముందుకు రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందరూ కోడలిని ముందుకు తోశారు.

కోడలు సింకు పక్కన నిలబడింది. ముందు తన చేతుల్లో గ్లౌజులు లేవని చూసుకుంది. గొంతు సవరించుకుంది.

"గ్లౌజులు... తియ్యండి అత్తయ్యా."

"వినబడలేదు. ఇక్కడ అత్తయ్యలెవరూ లేరు."

"గ్లౌజులు తియ్యండి మేడం!"

"ఇప్పుడు వినబడింది."

గ్లౌజులు బాగానే వచ్చాయి. గౌను బాగానే వచ్చింది. కోడలికి గొంతు కుదురుకుంది, చెప్పడంలో రుచి కూడా తెలిసింది. షీల్డు తీశాక అత్తగారి కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. ఆవిడ చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఆగండి!"

అత్తగారు ఆగింది. కళ్ళద్దాలు ముక్కు కొసన వేలాడుతున్నాయి. వాటి పైనుంచి కోడలి వైపు చూసింది.

"అంత గట్టిగా అరవాలా?" అంది.

"మీరు నేర్పిందే మేడం."

"నేనింత గట్టిగా ఎప్పుడు అరిచాను?"

గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ చేతులెత్తారు.

ఆ రోజు నీలి దీపం కింద అత్తగారు మూడు చోట్ల మెరిసింది. అందులో చెవి ఒకటి. డాక్టరు ఎంత వద్దన్నా, తప్పినట్టే రాయమని పట్టుబట్టింది. రేపు మళ్ళీ చేస్తానంది. మధ్యాహ్నం కొత్త వార్డులో కోడలి మొదటి డ్యూటీ. ఆమె కవచం తొడుక్కుని తలుపు దగ్గరికి వచ్చేసరికి అత్తగారు ఎదురొచ్చింది, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

"అమ్మాయ్," అంది. ఆస్పత్రిలో ఆ పిలుపు అదే మొదటిసారి. "ఆ వార్డు నీకెందుకన్నాను కదా, నీకు చేతకాదని కాదు. నాకు భయమేసి."

"ఇప్పుడు భయం లేదా అత్తయ్యా?"

"ఉంది. కానీ నీ అరుపు విన్నాక తగ్గింది. అంత గొంతున్న మనిషి దగ్గరికి రోగం రావాలంటే ఆలోచించుకుంటుంది." పక్కకు తప్పుకుని దారిచ్చింది. "సాయంత్రం తొందరగా వచ్చెయ్. నాకు షీల్డు దగ్గర సాధన కావాలి. మీ మామయ్యను రోగిగా పెట్టకు, ఆయన మూలుగులకి నాకు నవ్వొస్తుంది."

కోడలు భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. మొదటి మంచం మీద ఒక పెద్దాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని, అలవాటు కొద్దీ అలాగే ఉండి, "ఇంజెక్షనా?" అన్నాడు.

"కాదు," అంది కోడలు, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఇటు తిరగండి, మాట్లాడుకుందాం."